జర్మనీలో క్యాషా, కార్డా? మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఏడూ అక్టోబర్ సెమిస్టర్‌కి ఒకసారి, ఏప్రిల్ సెమిస్టర్‌కి ఇంకోసారి ఇవే ప్రశ్నలు వస్తుంటాయి, జాబ్ మీద వచ్చేవాళ్ళు కూడా ఇవే అడుగుతారు, అందుకే అన్నీ ఒకేచోట రాసి పెడుతున్నా. కావాల్సినది వెతుక్కుని చదువుకోండి, మొత్తం చదివినా నష్టం లేదు.

ఇంత డెవలప్ అయిన దేశంలో ఇంకా క్యాష్ ఏంటి? నిజమేనా లేక సీనియర్లు ఊరికే భయపెడుతున్నారా?

సగం నిజం, సగం పాత కథ. ఇక్కడి సెంట్రల్ బ్యాంక్ బుండెస్‌బాంక్ కొన్నేళ్ళకోసారి జనాలతో ఖర్చుల డైరీ రాయించి లెక్క తీస్తుంది. 2017లో నూటికి 74 కొనుగోళ్ళు క్యాష్‌లోనే జరిగాయి, 2021కి అది 58కి దిగింది, 2023కి 51. కానీ ఎన్నిసార్లు కట్టారు అని కాకుండా ఎంత డబ్బు కట్టారు అని చూస్తే 2023లో క్యాష్ వాటా 26 శాతమే. అంటే ఫ్రిజ్ కొన్నా, వారానికి సరిపడా సరుకులు కొన్నా కార్డ్ గీకుతున్నారు, బ్రెడ్డు, ఐస్‌క్రీమ్, దోనర్ (రొట్టెలో పెట్టిచ్చే టర్కిష్ కబాబ్) లాంటి చిన్నవాటికి జేబులోంచి నాణేలు తీస్తున్నారు. మీకు ఇబ్బంది ఎదురయ్యేది కూడా సరిగ్గా ఈ చిన్న ఖర్చుల దగ్గరే.

షాపులో కార్డ్ తీసుకుంటాం అన్నారు, నా వీసా కార్డ్ పెడితే రాలేదు. కార్డ్‌లో ప్రాబ్లమా?

కార్డ్‌లో ఏం ప్రాబ్లమ్ లేదు. ఈ పేజీలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి: జర్మనీలో చిన్న షాపువాడు కార్డ్ అన్నాడంటే చాలాసార్లు వాడి మనసులో ఉన్నది గిరోకార్డ్. ఇది జర్మన్ బ్యాంకులు సొంతంగా నడుపుకునే డెబిట్ కార్డ్ సిస్టమ్, వీసాతో మాస్టర్‌కార్డ్‌తో సంబంధం లేదు, దేశం దాటితే పనిచేయదు. జనాలు ఇప్పటికీ దాన్ని పాత పేరుతో ఈసీ కార్డ్ అనే పిలుస్తారు, డోర్ మీద స్టిక్కర్ కూడా అలాగే ఉంటుంది. ఒకప్పుడు చాలా గిరోకార్డుల మీద మాస్టర్‌కార్డ్ వాళ్ళ మాయిస్ట్రో గుర్తు ఉండేది, దాంతో ఫారిన్‌లో కూడా వాడుకునేవాళ్ళు. 2023 జూలై నుంచి కొత్త కార్డుల మీద మాయిస్ట్రో వేయడం ఆపేశారు, అప్పట్నుంచి చాలా బ్యాంకులు గిరోకార్డ్ మీదే డెబిట్ మాస్టర్‌కార్డ్ గానీ వీసా డెబిట్ గానీ కలిపి ఇస్తున్నాయి.

సూపర్‌మార్కెట్లు, డ్రగ్‌స్టోర్ చెయిన్లు, ఐకియా లాంటి చోట్ల వీసా, మాస్టర్‌కార్డ్ రెండూ హాయిగా నడుస్తాయి. వీధి చివర కేఫ్‌లోనో, కొన్ని డాక్టర్ క్లినిక్‌లలోనో, కొన్ని సర్కారు ఆఫీసుల కౌంటర్లలోనో మాత్రం గిరోకార్డ్ ఒక్కటే అంటారు. ఆఫీసు అపాయింట్‌మెంట్ ఉంటే కన్ఫర్మేషన్ మెయిల్‌లో పేమెంట్ ఎలా అన్నది రాసే ఉంటుంది, కింద దాకా చదవండి, ఆ అపాయింట్‌మెంట్ మళ్ళీ దొరకడానికి వారాలు పట్టొచ్చు.

మరి గిరోకార్డ్ తీసుకోవాలా?

స్పార్కాస్సె, ఫోక్స్‌బాంక్ లాంటి బ్రాంచ్ బ్యాంకుల్లో అకౌంట్ తెరిస్తే మామూలుగా అదే ఇస్తారు. ఆన్‌లైన్ బ్యాంకులు వీసా డెబిట్ ఫ్రీగా ఇచ్చి గిరోకార్డ్ కావాలంటే నెలకి చిన్న ఫీజు తీసుకుంటాయి, కొన్ని అసలు ఇవ్వవు. పెద్ద సిటీలో ఉండే స్టూడెంట్‌కి ఇది లేకపోయినా గడిచిపోతుంది. చిన్న టౌన్‌లో జాబ్ అయితే తీసుకోండి, ఆ ఫీజు గురించి ఆలోచించకండి.

ఒక సంగతి, గిరోకార్డ్ క్రెడిట్ కార్డ్ కాదు. కారు అద్దెకి తీసుకునేటప్పుడు డిపాజిట్ బ్లాక్ చేయడానికి చాలా కంపెనీలు అసలైన క్రెడిట్ కార్డే అడుగుతాయి, గిరోకార్డ్ చూపించినా డెబిట్ కార్డ్ చూపించినా తల అడ్డంగా ఊపుతారు.

ఇండియా కార్డ్, ఫారెక్స్ కార్డ్, యూపీఐ?

బేకరీలో యూపీఐ సంగతి మర్చిపోండి. ఫారెక్స్ కార్డ్, ఇండియా డెబిట్ కార్డ్ పెద్ద షాపుల్లోనూ ఏటీఎంలలోనూ పనిచేస్తాయి, మొదటి కొన్ని వారాలకి చాలు, అకౌంట్ తెరిచాక పక్కన పెట్టేయండి. ఏటీఎం గానీ మెషిన్ గానీ రూపాయల్లో చార్జ్ చెయ్యమంటారా, యూరోల్లోనా అని అడిగితే ఎప్పుడైనా యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే ఆ మెషిన్ వాడు తనకి నచ్చిన రేటు వేసుకుంటాడు. ఎయిర్‌పోర్టుల్లో, రైల్వే స్టేషన్ చుట్టూ, టూరిస్టులు తిరిగే వీధుల్లో బ్యాంకు పేరు లేని ఏటీఎంలు తెగ కనిపిస్తాయి, ఈ ప్రశ్న రెండు మూడు రకాలుగా తిప్పి తిప్పి అడిగేది అవే.

క్యాష్ లేకపోతే నిజంగా ఇరుక్కుపోయే చోట్లు ఏవి?

పొద్దున్నే ట్రైన్ ఎక్కేముందు బేకరీలో నిలబడ్డారనుకోండి. ముందు నలుగురు, వెనక ఆరుగురు. కౌంటర్ మీద నాణేలు పెట్టే చిన్న ట్రే ఉంటుంది, డబ్బులు ఆమె చేతికి ఇవ్వరు, ఆ ట్రేలో పెడతారు, ఆమె తీసుకుని చిల్లర మళ్ళీ అందులోనే పెడుతుంది. మీ వంతు వచ్చింది, రెండు బ్రెడ్డు రోల్స్, ఒక కాఫీ, నాలుగు యూరోల చిల్లర అయింది, ఫోన్ తీసి మిట్ కార్టె బిట్టె, అంటే కార్డ్‌తో కడతా, అన్నారు. ఆమె వేలితో క్యాష్ రిజిస్టర్ మీద అంటించిన కాగితం చూపిస్తుంది: కార్డ్ 10 యూరోల నుంచి. ఆ కాగితం అసలు లేదంటే, తలుపు మీదే నూర్ బార్‌త్సాలుంగ్ అని, అంటే క్యాష్ మాత్రమే అని రాసి ఉండి ఉంటుంది, మీరు చూసుకోలేదు. చెయిన్ బేకరీలు ఇప్పుడు చాలావరకు కార్డ్ తీసుకుంటున్నాయి, ఈ గొడవ సొంతంగా నడిపే చిన్న బేకరీల్లోనే ఎక్కువ.

మిగతా చోట్లు త్వరగా చెప్పేస్తా. దోనర్ షాపు, బెర్లిన్‌లో రాత్రిళ్ళు తెరిచి ఉండే ష్పేటి అనే చిన్న కొట్టు, వారం వారం జరిగే కూరగాయల సంత, పాత సామాన్ల ఫ్లీ మార్కెట్, సెలూన్, టైలరు, చెప్పులు కుట్టేవాడు, ఊరి పండగలు. క్రిస్మస్ మార్కెట్‌లో గ్లూవైన్ (మసాలా వేసిన వేడి వైన్) కప్పుకి డిపాజిట్ కడతారు కదా, కప్పు వెనక్కిస్తే ఆ డిపాజిట్ నాణేల్లో ఇస్తారు, అవి పెట్టుకుని ఇంకో స్టాల్‌కి వెళ్ళొచ్చు. మ్యూనిక్ బీరు పండగ ఆక్టోబర్‌ఫెస్ట్ టెంట్‌లో బీరు తెచ్చే ఆవిడ ఒక్కో చేత్తో ఐదారు మగ్గులు మోసుకొస్తుంది, ఆవిడతో కార్డ్ మాట ఎత్తకుండా క్యాష్ రెడీగా పెట్టుకుంటే మంచిది.

నాణేలు వేరే విషయం. సూపర్‌మార్కెట్ ట్రాలీలో 1 యూరో నాణెం పెడితేనే గొలుసు ఊడుతుంది, ట్రాలీ తిరిగి పెడితే నాణెం వచ్చేస్తుంది. హైవే పక్కన టాయిలెట్లు చాలావాటికి 1 యూరో, పాత స్టూడెంట్ హాస్టళ్ళలో వాషింగ్ మెషిన్లకీ నాణేలే.

10 యూరోల మినిమం పెట్టడం లీగలేనా? కార్డ్ అయితే ఎక్స్‌ట్రా అడిగారు, ఇవ్వాలా?

ఇవి రెండూ వేరు. మినిమం బిల్లు పెట్టుకోవచ్చు, ముందే కనపడేలా రాసి పెడితే చాలు. అసలు కార్డ్ తీసుకోను అనడం కూడా షాపువాడి ఇష్టమే, ఇప్పటిదాకా చట్టం వాడిని బలవంతం చేయదు. కానీ మామూలు వీసా, మాస్టర్‌కార్డ్, గిరోకార్డ్‌తో కట్టే కస్టమర్ దగ్గర అదనంగా చార్జ్ తీసుకోకూడదు, 2018 జనవరి 13 నుంచి అది నిషేధం. 50 సెంట్లు ఎక్స్‌ట్రా అని బోర్డు పెట్టేవాళ్ళు ఇంకా అక్కడక్కడ ఉన్నారు, అది తప్పు అని నవ్వుతూ చెప్పొచ్చు, దోనర్ చల్లారిపోయేదాకా వాదించాలా వద్దా అన్నది మీ ఓపిక.

మన ఊళ్ళో కొబ్బరిబోండాల బండి మీద కూడా క్యూఆర్ ఉంది. ఇక్కడ వీళ్ళకేం రోగం?

మన బండివాడికి యూపీఐలో డబ్బులొస్తే పైసా కోత లేదు, 2020 జనవరి నుంచి యూపీఐకి, రూపే డెబిట్‌కి షాపువాడి మీద చార్జ్ సున్నా అని సర్కారే పెట్టింది. మెషిన్ కూడా అక్కర్లేదు, ప్రింట్ చేసిన కాగితం చాలు. ఇక్కడ ఆ రెండూ లేవు. మెషిన్ కొనాలి లేదా అద్దెకి తీసుకోవాలి, పైగా ప్రతి పేమెంట్ మీద కోత. కార్డ్ ఇచ్చిన బ్యాంకుకి వెళ్ళే వాటాకి ఈయూ 2015లో పరిమితి పెట్టింది, డెబిట్‌కి 0.2 శాతం, క్రెడిట్‌కి 0.3 శాతం, కానీ షాపువాడు కట్టేది అదొక్కటే కాదు, కార్డ్ కంపెనీ ఫీజు, మెషిన్ కంపెనీ ఫీజు పైన పడతాయి, చిన్న షాపుకి మొత్తం కలిపి 1 శాతం దాటిపోవడం మామూలే.

గిరోకార్డ్‌కి 2014 దాకా ఉన్న రూల్ చూస్తే బేకరీల పట్టుదల ఎక్కడిదో అర్థమవుతుంది: 0.3 శాతం, కానీ ఎంత చిన్న బిల్లయినా కనీసం 8 సెంట్లు. ఒక యూరో సరుకు అమ్మితే 8 శాతం పోయినట్టే కదా. తర్వాత ఆ రేట్లు బేరమాడుకునేలా మారాయి, ఇప్పుడు బాగా తగ్గాయి, కానీ చిన్న బిల్లుకి కార్డ్ అంటే నష్టం అన్న లెక్క అప్పుడు తలకెక్కింది, దిగలేదు.

అయితే క్యాష్ ఫ్రీ అని వాళ్ళు అనుకోవడం కూడా ఒట్టిదే. చిల్లర రోల్స్ బ్యాంకు దగ్గర కొనాలి, నాణేలు డిపాజిట్ చేస్తే బ్యాంకు ఫీజు, రాత్రి షట్టర్ దించాక కూర్చుని లెక్కపెట్టాలి, ఆ గంటకి ఎవరికో జీతం ఇవ్వాలి. ఇవేవీ కార్డ్ కంపెనీ బిల్లులాగా నెలాఖరుకి ఒక కాగితం మీద రావు కాబట్టి ఎవరికీ నొప్పి తెలియదు.

నిజం చెప్పండి, క్యాష్ మాత్రమే అనేవాళ్ళు టాక్స్ ఎగ్గొట్టడానికే కదా?

కొందరు అవును, ఆ కొందరు ఉన్నారని జర్మన్లకీ తెలుసు. అందరినీ అదే గాటన కట్టేస్తే మాత్రం తప్పు. ఎలక్ట్రానిక్ క్యాష్ రిజిస్టర్ వాడేవాళ్ళు అందులో టీఎస్‌ఈ అనే సెక్యూరిటీ చిప్ పెట్టుకోవాలి, ప్రతి బిల్లూ మార్చడానికి వీల్లేకుండా అందులో రికార్డ్ అవుతుంది. 2020 జనవరి నుంచి అడక్కపోయినా ప్రతి కస్టమర్‌కి రసీదు ఇవ్వాలి, రెండు బ్రెడ్డు రోల్స్ కొన్నా కాగితమే, అప్పట్లో బేకరీల వాళ్ళు ఎవరూ తీసుకెళ్ళని ఆ రసీదులని గుట్టలు పోసి ఫోటోలు పెట్టి గోల చేశారు. టాక్స్ ఆఫీస్ వాళ్ళు చెప్పకుండా వచ్చి లెక్కలు చూసే హక్కు కూడా 2018 నుంచి ఉంది.

అసలు కంత ఎక్కడుందంటే, క్యాష్ రిజిస్టర్ పెట్టే తీరాలన్న రూల్ లేదు. డ్రాయర్‌లో డబ్బు వేసుకుని రోజు చివర చేత్తో లెక్క రాసుకోవడం కూడా చట్టం ప్రకారం ఓకే. సంతలో కోడిగుడ్లు అమ్మే ముసలాయనకి అది న్యాయమే, రోజంతా కిటకిటలాడే రెస్టారెంట్ అలా నడుస్తుంటే మాత్రం నాకూ అనుమానమే. 2025లో అధికారంలోకి వచ్చిన కూటమి ఒప్పందంలో, ఏడాదికి లక్ష యూరోలకి మించి టర్నోవర్ ఉన్న వ్యాపారాలకి 2027 నుంచి క్యాష్ రిజిస్టర్ తప్పనిసరి చేస్తాం, క్యాష్‌తో పాటు కనీసం ఒక డిజిటల్ పేమెంట్ కూడా దశలవారీగా పెట్టిస్తాం అని రాసుకున్నారు. అదే ఒప్పందంలో ఆ రసీదు రూల్ తీసేస్తాం అని కూడా ఉంది.

1923లో ధరలు ఆకాశానికెక్కి డబ్బు విలువ లేని కాగితం అయిపోయింది కాబట్టి జర్మన్లకి క్యాష్ అంటే ప్రేమ అంటారు. అవునా?

ఈ మాట ప్రతి వీడియోలోనూ చెప్తారు, నాకైతే అసలు అర్థం కాదు. 1923లో విలువ పోయింది నోట్లకే కదా, నోట్లతో దెబ్బతిన్నవాళ్ళు మళ్ళీ నోట్లనే ఎందుకు ప్రేమిస్తారు? దానికన్నా, నేను ఎక్కడ ఏం కొన్నానో ఎవరికీ తెలియక్కర్లేదు అన్న పట్టింపు ఇక్కడ గట్టిగా ఉంది, తూర్పు జర్మనీలో స్టాసీ అనే రహస్య పోలీసులు పక్కింటివాళ్ళ చేత కూడా నిఘా పెట్టించిన దేశం ఇది, ఆ వివరణ కొంచెం నమ్మేలా ఉంటుంది. ఇంకోటి ఏంటంటే ఖర్చు కళ్ళకి కనపడాలి అంటారు, వారానికి 150 తీసుకుంటే పర్సు పల్చబడ్డప్పుడు ఆగిపోతారు. సూపర్‌మార్కెట్ లైన్‌లో పెద్దావిడ పర్సు తెరిచి సెంట్ సెంట్ లెక్కపెట్టి 17 యూరోల 43 సెంట్లు సరిగ్గా ఇస్తుంటే వెనకవాళ్ళు కిక్కురుమనకుండా నిలబడతారు, అది చూస్తే మీకే తెలుస్తుంది.

క్యాష్ ఎక్కడ తీసుకుంటే ఫీజు పడదు?

మీ బ్యాంకు ఏ గ్రూప్‌లో ఉందో చూసుకోండి. డాయిచె బాంక్, కొమర్స్‌బాంక్, పోస్ట్‌బాంక్, హైపోఫెరైన్స్‌బాంక్ కలిసి క్యాష్ గ్రూప్. స్పార్కాస్సెలది వేరే నెట్‌వర్క్, ఫోక్స్‌బాంక్‌లది ఇంకోటి. వేరే గ్రూప్ ఏటీఎంలో తీస్తే ఒక్కసారికే నాలుగైదు యూరోలు ఊడతాయి. అన్నిటికన్నా ఈజీ పద్ధతి సూపర్‌మార్కెట్ బిల్లింగ్ కౌంటర్: రేవె, ఎడెకా, ఆల్డీ, లిడ్ల్, డీఎం లాంటి చోట్ల బిల్లు కట్టేటప్పుడే 50 కావాలి, 100 కావాలి అంటే ఇస్తారు, 200 యూరోల దాకా, ఫీజు లేదు. కొన్నిచోట్ల ఇంత బిల్లు చేస్తేనే అంటారు, కొన్ని షాపులు దీనికి గిరోకార్డే అడుగుతాయి.

పెద్ద నోట్లు, బోలెడు చిల్లర ఇస్తే తీసుకుంటారా?

50 దాకా నిశ్చింత. 100కి ముఖం చూస్తారు, 200కి కొన్నిచోట్ల బోర్డే ఉంటుంది. 500 నోటు ఇవ్వడం బుండెస్‌బాంక్ 2019 ఏప్రిల్‌లో ఆపేసింది, చెల్లుతుంది గానీ షాపుకి తీసుకెళ్ళకండి. నాణేలు ఒక్క బిల్లుకి 50కి మించితే వద్దనే హక్కు షాపువాడికుంది. చిరిగిన నోటు సగానికన్నా ఎక్కువ ముక్క మీ దగ్గరుంటే బుండెస్‌బాంక్‌లో మార్చిస్తారు.

రెస్టారెంట్‌లో ఎలా కట్టాలి?

వెయిటర్ నడుముకి పెద్ద నల్ల లెదర్ పర్సు కట్టుకుని టేబుల్ దగ్గరకే వస్తాడు. కలిపా, విడివిడిగానా అని అడుగుతాడు, ఎనిమిది మంది వెళ్ళినా విడివిడిగా అంటే ఓపిగ్గా ఒక్కొక్కరికీ లెక్క వేస్తాడు, ఇది మాత్రం ఈ దేశంలో నాకు భలే నచ్చింది. బిల్లు 18.20 అయితే నోటు ఇస్తూ ఇరవై అనండి, మిగతాది టిప్. నోటు సరిపోతే ష్టిమ్ట్ జో అంటే చిల్లర ఉంచుకోమని. కార్డ్ అయితే మెషిన్‌లో అమౌంట్ కొట్టకముందే చెప్పాలి, కొట్టాక చెప్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఉద్యోగి చేతికి వచ్చే టిప్ మీద ఇక్కడ టాక్స్ లేదు. ఆర్డర్ ఇవ్వకముందే కార్డ్ తీసుకుంటారా అని అడగడంలో సిగ్గేం లేదు, జర్మన్లు కూడా అడుగుతారు.

ప్లంబర్ క్యాష్ ఇస్తే తగ్గిస్తానన్నాడు. ఓనర్ కూడా డిపాజిట్ క్యాష్‌లోనే అడుగుతున్నాడు.

ప్లంబర్ సంగతి ముందు. ఇంట్లో చేయించిన రిపేర్లకి కూలి భాగంలో 20 శాతం, ఏడాదికి 1,200 యూరోల దాకా మీ ఇన్‌కమ్ టాక్స్‌లోంచి నేరుగా తగ్గుతుంది. కానీ ఇన్వాయిస్ ఉండాలి, డబ్బు బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌లో వెళ్ళి ఉండాలి, క్యాష్ ఇచ్చి రసీదు తెచ్చుకున్నా టాక్స్ ఆఫీస్ ఒప్పుకోదు. వాడు ఇచ్చే డిస్కౌంట్ ఆ 20 శాతం కన్నా తక్కువైతే మీకే నష్టం, పైగా బిల్లు లేకుండా చేయిస్తే పైపు మళ్ళీ కారినప్పుడు ఎవరినీ అడగలేరు. పిల్లల డేకేర్ ఖర్చు టాక్స్‌లో చూపించాలన్నా ట్రాన్స్‌ఫరే.

డిపాజిట్ విషయంలో ఇంకా జాగ్రత్త. ఇల్లు చూడకముందు, కాంట్రాక్ట్ మీద సంతకాలు అవ్వకముందు క్యాష్ గానీ ట్రాన్స్‌ఫర్ గానీ ఏదీ వద్దు. చట్ట ప్రకారం డిపాజిట్ మూడు నెలల అద్దె మించకూడదు, అదీ హీటింగ్ లాంటి ఖర్చులు కలపని అద్దె, పైగా మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. క్యాష్ తప్ప వేరే దారి లేదంటే తేదీ, మొత్తం, సంతకంతో రసీదు అక్కడికక్కడే రాయించుకోండి, రాయనంటే ఆ ఇల్లు వదిలేయండి. పార్ట్ టైమ్ జాబ్‌లో పే స్లిప్ లేకుండా చేతిలో జీతం పెడతానంటే కూడా అంతే, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఇలా లెక్కల్లో చూపించని పని తలనొప్పి చాలా దూరం పోతుంది.

సెకండ్ హ్యాండ్ కారు క్యాష్‌తో కొనొచ్చా?

కొనొచ్చు, ప్రైవేట్‌గా అమ్మేవాళ్ళు చాలామంది అదే అడుగుతారు. డీలర్ దగ్గర 10,000 యూరోలు, ఆపైన క్యాష్ ఇస్తే ఐడీ చూపించాలి, బంగారం అయితే ఆ లిమిట్ 2,000. ఇల్లు మాత్రం 2023 ఏప్రిల్ నుంచి క్యాష్‌తో కొనలేరు. 2027 జూలై నుంచి ఈయూ మొత్తం మీద వ్యాపార లావాదేవీల్లో క్యాష్‌కి 10,000 పరిమితి వస్తోంది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు 10,000 యూరోలు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే కస్టమ్స్‌కి చెప్పాలి.

కారు కోసం ఇప్పుడు ఇంకో మంచి దారి ఉంది, ఇన్‌స్టంట్ ట్రాన్స్‌ఫర్. 2025 అక్టోబర్ నుంచి యూరో వాడే దేశాల్లో బ్యాంకులన్నీ దాన్ని మామూలు ట్రాన్స్‌ఫర్ ఖర్చుకే ఇవ్వాలి, పది సెకన్లలో అవతల పడుతుంది, పేరూ అకౌంట్ నంబరూ సరిపోతున్నాయో లేదో కూడా ముందే చూపిస్తుంది. తాళాలు చేతిలో పెట్టుకుని ఫోన్‌లో పంపొచ్చు.

షాపువాడు క్యాష్ తీసుకోను అంటే?

అనొచ్చు, ముందే రాసి పెడితే. బెర్లిన్, హాంబుర్గ్ లాంటి చోట్ల కార్డ్ మాత్రమే అనే కేఫ్‌లు పెరిగాయి, కాబట్టి ఉత్త క్యాష్‌తో తిరిగినా ఇరుక్కుంటారు.

మరి పర్సులో ఎంత ఉంచుకోవాలి?

బుండెస్‌బాంక్ లెక్కలో జర్మన్ల జేబులో సగటున 100 యూరోల పైచిలుకు ఉంటుంది. మనకి 40, 50 చాలు, అందులో ఒక పది, రెండు ఐదు నోట్లు, కాసిని నాణేలు. మొత్తం ఫోన్ మీద ఆధారపడకండి అని ఎందుకంటున్నానంటే 2022 మే నెలాఖర్లో ఒక మోడల్ కార్డ్ మెషిన్ దేశమంతా ఒక్కసారిగా మొరాయించింది, పెద్ద పెద్ద చెయిన్లలో కూడా రోజుల తరబడి క్యాష్ మాత్రమే అని కాగితాలు అంటించారు, నిండా సరుకులున్న ట్రాలీలు అక్కడే వదిలేసి ఏటీఎం వెతుక్కుంటూ వెళ్ళారు జనం. కాంటాక్ట్‌లెస్ కార్డ్‌కి 50 యూరోల దాకా మామూలుగా పిన్ అడగదు, కానీ మధ్యమధ్యలో అడుగుతుంది, పిన్ గుర్తుండాలి.

వేరో అంటే ఏంటి? యూపీఐ లాంటిదేనా?

దగ్గర దగ్గర. యూరప్ బ్యాంకులు కలిసి 2024లో మొదలుపెట్టాయి, ఫోన్ నంబర్‌కి డబ్బు పంపొచ్చు, జర్మనీలో ముందుగా స్పార్కాస్సెలు, ఫోక్స్‌బాంక్‌లు చేరాయి. ఫ్రెండ్స్ మధ్య బిల్లు పంచుకోవడానికి బావుంది. జనాలకి పేపాల్ అలవాటు అంత తేలిగ్గా పోయేలా లేదు.

కొత్తగా దిగిన ఇంట్లో అల్మారా వెనక పాత జర్మన్ మార్క్ నోట్లు దొరికాయి, పనికొస్తాయా?

ముందు ఓనర్‌కి చెప్పండి. పనికి రావడం అంటే బాగానే వస్తాయి, బుండెస్‌బాంక్ బ్రాంచుల్లో గడువు లేకుండా, ఫీజు లేకుండా ఇప్పటికీ మారుస్తారు, 1.95583 మార్కులకి ఒక యూరో, నాణేలు కూడా తీసుకుంటారు.